బందీ చెప్పిన అబద్ధం: ‘బాలనాగమ్మ’ పునఃకథనాల్లో సత్యం, ధర్మం, విముక్తి

వ్యాస సంగ్రహం

తెలుగువారి జానపద కథల్లో విశేష ప్రచారం పొందిన వాటిలో బాలనాగమ్మ కథ ఒకటి. బుర్రకథగా, రంగస్థల నాటకంగా, చలనచిత్రంగా ఈ కథ పలుమార్లు పునఃకథనం పొందింది. మాంత్రికుడి చెరలో ఉన్న స్త్రీ మాటతో అతణ్ణి నమ్మించి, అతని ప్రాణరహస్యాన్ని రాబట్టడం ఈ కథకు కీలక ఘట్టం. సత్యాన్ని పరమధర్మంగా కీర్తించిన సాహిత్య సంప్రదాయంలో ఈ అబద్ధం స్థానమేమిటన్న నైతిక ప్రశ్నను ప్రస్తుత వ్యాసం చర్చిస్తుంది. ఒక అబద్ధాన్ని అంచనా వేయడానికి అది వినేవాడి మంచితనం మీద పనిచేసిందా, దురాశ మీద పనిచేసిందా అన్నది ఉపయుక్తమైన కొలమానమని ప్రతిపాదిస్తుంది. ఆధునిక పునఃకథనాలు ఈ ప్రశ్నను ఎలా దాటవేశాయో, ఆత్మకూరు వంటి బహుభాషా, బహుమత ప్రాంతంలో ప్రతినాయకుడి పేరు ఎలాంటి బాధ్యతను తెచ్చిపెడుతుందో పరిశీలిస్తుంది.

కీలక పదాలు: బాలనాగమ్మ, పునఃకథనం, బాహ్యప్రాణం, సత్యధర్మం, బందిత్వం, మాయల మరాఠీ, ఆత్మకూరు సంస్థానం.

1. ప్రస్తావన

‘వాడి ప్రాణం చిలకలో ఉంది’ అన్న మాట తెలుగునాట నేటికీ వాడుకలో ఉంది. ఒక మనిషి బలమంతా ఎక్కడో మరొకచోట దాగి ఉందని చెప్పడానికి రాజకీయ వ్యాఖ్యాతలు మొదలు ఇంట్లో అవ్వల వరకు అందరూ ఈ పోలికను ఆశ్రయిస్తారు. బాలనాగమ్మ కథను పూర్తిగా ఎరుగని వారికి కూడా ఏడు సముద్రాల అవతల చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం గుర్తుంటాయి. అయితే ఆ చిలుక జాడ లోకానికి ఎలా తెలిసిందన్న సంగతి అంతగా గుర్తుండదు. మాంత్రికుడు దాన్ని శత్రువుకు చెప్పలేదు. అతని కోటలో ఏళ్ల తరబడి బందీగా ఉన్న ఒక స్త్రీ, అతని మీద మనసు మారినట్టు మాట్లాడి, ఆ రహస్యాన్ని రాబట్టింది. కథలో ఆ తరువాత జరిగే సముద్రయానం, చిలుకను పట్టడం, శిలలు మనుషులు కావడం అన్నీ ఆ ఒక్క సంభాషణ మీద ఆధారపడి ఉన్నాయి.

జానపద పరిశోధకులు ఈ కథను ప్రధానంగా నిర్మాణం, వ్యాప్తి, ప్రదర్శన అనే కోణాల నుంచి చూశారు. బిరుదురాజు రామరాజు 1958లో ప్రచురించిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ మొదలుకొని విశ్వవిద్యాలయాల్లో వెలువడిన కృషి ఇలాంటి కథలను గౌరవప్రదమైన అధ్యయన విషయాలుగా నిలిపింది. ఆ పునాది మీద నిలబడి, ఈ కథ లేవనెత్తే నైతిక ప్రశ్నను విడిగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. బందీగా ఉన్న మనిషి బంధించినవాడికి సత్యం చెప్పవలసి ఉంటుందా? చెప్పకపోతే ఆ లోపం ఎవరిది? ఈ ప్రశ్నలకు కథ ఇచ్చిన సమాధానాన్ని దాని పునఃకథనాలు నిలబెట్టాయా, మరుగుపరిచాయా?

2. కథాస్వరూపం, వ్యాప్తి

పానుగంటి నవభోజరాజుకు, భూలక్ష్మీదేవికి జటంగి ముని అనుగ్రహం వల్ల ఏడుగురు కుమార్తెలు కలుగుతారు. వారిలో కడపటిది బాలనాగమ్మ. తల్లి మరణం, సవతి తల్లి కుతంత్రం, అడవిపాలు కావడం, రాకుమారులతో వివాహాలు కథలోని పూర్వభాగం. బాలనాగమ్మ భర్త కార్యవర్ధి రాజు. వారి కుమారుడు బాలవర్ధి ఇంకా పసిబిడ్డగా ఉండగా మాయల మరాఠీ, లేదా మాయల ఫకీరు, భిక్షువు వేషంలో వచ్చి బాలనాగమ్మను కుక్కగా మార్చి నాగళ్ళపూడి గట్టుకు తీసుకుపోతాడు. వెతుక్కుంటూ వచ్చిన భర్త, అతని సోదరులు, సైన్యం శిలలవుతారు. బాలనాగమ్మ తాను వ్రతంలో ఉన్నానని చెప్పి మాంత్రికుణ్ణి దూరంగా ఉంచుతుంది. బాలవర్ధి పెరిగి పెద్దవాడై, పూలు కట్టే ముసలమ్మ ఇంట చేరి, తల్లిని కలుసుకుంటాడు. తల్లి మాంత్రికుడి ప్రాణరహస్యం తెలుసుకొని కొడుక్కు చెబుతుంది. బాలవర్ధి ఏడు సముద్రాలు దాటి చిలుకను తెస్తాడు. శిలలైనవారు బతుకుతారు, మాంత్రికుడు చస్తాడు.

ఈ కథ తెలుగు నేలకే పరిమితం కాలేదనడానికి బలమైన ఆధారం ఉంది. బొంబాయి గవర్నరు కుమార్తె మేరీ ఫ్రేర్ 1868లో లండన్‌లో ప్రచురించిన ‘ఓల్డ్ డెక్కన్ డేస్’ సంపుటిలో ‘పంచ్‌కిన్’ అనే కథ ఉంది. దాన్ని ఆమెకు చెప్పింది అన్నా లిబెరాటా డి సౌజా అనే ఆయా. తన కథలు చాలావరకు అమ్మమ్మ నోటి నుంచి విన్నవని ఆ ఆయా చెప్పుకుంది. పంచ్‌కిన్ కథలో రాజుగారి ఏడుగురు కూతుళ్లలో చిన్నది బాల్నా. భిక్షువు వేషంలో వచ్చిన మాంత్రికుడు ఆమెను కుక్కపిల్లగా మార్చి తీసుకుపోతాడు. భర్త, బావలు రాళ్లవుతారు. తోటమాలి ఇంట ఆశ్రయం పొందిన కొడుకు చిలుకను తెచ్చి మాంత్రికుణ్ణి చంపుతాడు. పేరు, సంఘటనల వరుస, వేషం, పూలవారి ఇల్లు ఇంతగా కలవడం యాదృచ్ఛికం అనుకోలేం. దక్కను అంతటా భాషల సరిహద్దులు దాటి తిరిగిన ఒకే కథకు ఇవి రెండు రూపాలని భావించడమే సమంజసం. జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’లో బాహ్యప్రాణాన్ని చర్చిస్తూ పంచ్‌కిన్ కథను ఉదాహరించాడు. గుడ్డులోని సూదిలో ప్రాణం దాచుకున్న రష్యన్ కొషెయ్ వంటి పాత్రలు కూడా ఈ కోవకు చెందినవే.

ఫ్రేర్ కథనంలో ఒక వివరం గమనించదగినది. బాల్నా 12 ఏళ్లు వివాహానికి ఒప్పుకోక గోపురంలో బందీగా ఉంటుంది. మాంత్రికుడితో మంచిగా మాట్లాడి రహస్యం తెలుసుకోమని ఉపాయం చెప్పేది కొడుకు. అయినా ఆ మాట పలకవలసింది తల్లి, అందులోని ప్రమాదాన్ని ఒంటరిగా మోయవలసింది కూడా ఆమే. ఉపాయం ఎవరిదైనా ఆ ఘట్టంలోని నైతిక భారం బందీ మీదనే ఉంటుంది.

3. సత్యవ్రతుల నడుమ బాలనాగమ్మ

తెలుగు సాహిత్యంలో సత్యానికి ఉన్న స్థానం ఎంత ఉన్నతమైనదో చెప్పనవసరం లేదు. నన్నయ శకుంతల నిండు సభలో దుష్యంతుడికి సత్యాన్ని నూరుగురు కొడుకుల కంటే మిన్నగా చూపింది. తెలుగు పల్లెల్లో పద్యనాటకం అనగానే గుర్తుకు వచ్చేది హరిశ్చంద్రుడి కాటిసీను. ఇచ్చిన మాట కోసం రాజ్యం పోగొట్టుకున్న బలి, హరిశ్చంద్రుడు ఈ సంప్రదాయంలో ఆదర్శపురుషులు. వారి సరసన బాలనాగమ్మను నిలబెడితే ఆమె మాట చిన్నబోవాలి. శ్రోత మాత్రం ఆమెను ఒక్క క్షణం కూడా తప్పుపట్టడు. ఈ అంగీకారానికి ఆధారమేమిటో వెతకవలసి ఉంది.

సులభంగా దొరికే ఆధారం భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యుడు బలికి చేసిన ఉపదేశం. స్త్రీల విషయంలో, వివాహాల్లో, ప్రాణానికీ మానానికీ భంగం వచ్చినప్పుడు అబద్ధమాడవచ్చునన్న ఆ జాబితా పోతన పద్యం వల్ల సామెతగా మారింది. కానీ ఆ ఉపదేశాన్ని బలి తిరస్కరించాడు. తిరస్కరించాడు కాబట్టే కీర్తిమంతుడయ్యాడు. శుక్రుడి జాబితా ఒక వెసులుబాటు మాత్రమే. అది పాపం అంటదని చెబుతుంది, ధర్మం జరిగిందని చెప్పదు. బాలనాగమ్మ కథ వినేవారు ఆమెకు క్షమాపణ ఇవ్వడం లేదు, ఆమెను మెచ్చుకుంటున్నారు. మెప్పుకు వెసులుబాటు చాలదు.

దీనికంటే లోతైన ఆలోచన భారతం కర్ణపర్వంలో ఉంది. గాండీవాన్ని నిందించినవాణ్ణి చంపుతానన్న ప్రతిజ్ఞ నిలుపుకోవడానికి అర్జునుడు అన్నగారి మీదికే కత్తి దూసినప్పుడు కృష్ణుడు కౌశికుడి కథ చెబుతాడు. సత్యవ్రతుడని పేరుపొందిన కౌశికుడు, ప్రాణభయంతో దాక్కున్నవారి జాడ దొంగలకు ఉన్నదున్నట్టు చెప్పి, వారి చావుకు కారణమై, నరకానికి పోయాడు. సత్యం దేన్ని కాపాడిందన్న ప్రశ్న వేయకుండా సత్యాన్ని కొలవలేమని ఈ కథ సారాంశం. హరిశ్చంద్రుడి కథను ఈ వెలుగులో చూస్తే ఒక చేదు నిజం కనిపిస్తుంది. ఆయన సత్యానికి ధర చెల్లించినవారిలో చంద్రమతి, లోహితాస్యుడు ముందున్నారు. అమ్ముడుపోయింది వారు. బాలనాగమ్మ అబద్ధానికి అలా అమ్ముడుపోయినవారు లేరు. దాని ఫలితంగా ఒక రాజ్యంలోని శిలలన్నీ మనుషులయ్యాయి.

పాశ్చాత్య తత్త్వశాస్త్రంలోనూ ఇదే ప్రశ్న తీవ్రమైన వివాదంగా సాగింది. సత్యం వినే హక్కు లేనివాడికి సత్యం చెప్పవలసిన బాధ్యత లేదని ఫ్రెంచి రచయిత బెంజమిన్ కాన్‌స్టంట్ వాదించాడు. దానికి జవాబుగా 1797లో ఇమాన్యుయెల్ కాంట్ రాసిన వ్యాసం, స్నేహితుణ్ణి వెతుక్కుంటూ హంతకుడు వచ్చి అడిగినా అబద్ధం తగదంది. అబద్ధం ఒక్క వ్యక్తికి హాని చేయకపోయినా, మాట మీద మనుషులకుండే నమ్మకాన్నే దెబ్బతీస్తుందని కాంట్ ఆందోళన. ఈ వాదాన్ని తేలికగా తోసిపుచ్చలేం. పల్లె బతుకులో నోటిమాట మీద నడిచే అప్పులు, కూలి ఒప్పందాలు, పెళ్లి సంబంధాలు చూసినవారికి మాట విలువ పోవడం ఎంతటి విపత్తో తెలుసు.

అయితే బాలనాగమ్మ కథలో మొదటి అబద్ధం ఆమెది కాదు. మాంత్రికుడు భిక్షాపాత్ర పట్టుకొని వచ్చాడు. ఎవరో తెలియని మనిషి గుమ్మం ముందు నిలబడి అన్నం అడిగితే, పేరూ ఊరూ అడగకుండా పెట్టడం ఈ నేల మీద తరతరాల ఆచారం. ఆ ఆచారం పూర్తిగా నమ్మకం మీద నిలబడింది. మాంత్రికుడి వేషం ఆ నమ్మకాన్నే ఉచ్చుగా మార్చింది. బాలనాగమ్మ దయగలది కాబట్టే చిక్కింది. ఆమెకు దయ లేకపోతే అతని మాయ పారేది కాదు. రావణుడి చేతిలో సీత విషయంలోనూ ఇదే జరిగింది.

ఇక బాలనాగమ్మ అబద్ధం సంగతి. ఆమె మెత్తబడిన మాటను మాంత్రికుడు ఎందుకు నమ్మాడు? బలవంతంగా తెచ్చిన స్త్రీ ఏనాటికైనా తనదవుతుందన్న ఆశ అతనిలో ఉంది. ఆ ఆశ లేనివాడిని ఆ మాట మోసగించలేదు. ఈ రెండు అబద్ధాలకూ మధ్య తేడా ఇక్కడ స్పష్టమవుతుంది. ఒకటి వినేవారి మంచితనాన్ని పట్టుకొని పనిచేసింది, మరొకటి వినేవాడి దురాశను పట్టుకొని పనిచేసింది. మొదటి రకం అబద్ధం లోకంలో పెరిగితే మనుషులు దయ చూపడానికి జంకుతారు. రెండో రకం పెరిగితే జంకవలసింది దురాశాపరులు. మాట మీది నమ్మకం చెడిపోతుందన్న కాంట్ ఆందోళనకు ఈ భేదం కొంతవరకు సమాధానం ఇస్తుంది.

ఇదే కొలమానంతో ‘కన్యాశుల్కం’లోని ప్రసిద్ధ మోసాన్ని కూడా చూడవచ్చు. సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లు బారి నుంచి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి పెళ్లికూతురుగా కట్టబెడతాడు. ఆ అబద్ధం పారడానికి కారణం లుబ్ధావధాన్లు లోభం. తక్కువ ధరకు పెళ్లికూతురు దొరుకుతోందన్న సంబరం లేకపోతే నాటకం మొదటి రోజే బయటపడేది. గురజాడ పాఠకుణ్ణి నవ్విస్తూనే ఈ తీర్పు వైపు నడిపించాడు. జానపద కథ అదే తీర్పును నవ్వకుండా చెప్పింది.

బాలనాగమ్మ వ్రతం కూడా ఈ చర్చలో భాగమే. వ్రతం పేరుతో ఆమె మాంత్రికుణ్ణి ఏళ్ల తరబడి ఆపుతుంది. పైకి అది సాకు. కానీ ఆమె నిజంగానే ఒక నియమాన్ని పాటిస్తోంది. అతనికి లొంగకుండా ఉండడమే ఆ నియమం. మాంత్రికుడు వ్రతం అంటే పూజ అనుకున్నాడు, ఆమె వ్రతం అంటే నిరాకరణ. హోమర్ ‘ఒడిస్సీ’లో పెనెలపీ మామగారి శవవస్త్రం నేయడం పూర్తయ్యాక పెళ్లాడతానని చెప్పి, పగలు నేసినదాన్ని రాత్రి విప్పుతూ వరులను నిలవరించింది. దేశాలు వేరైనా ఇద్దరు స్త్రీలూ శత్రువు గౌరవించక తప్పని ఒక ఆచారాన్ని కవచంగా ధరించారు. ఆయుధం లేనివారికి కాలయాపన కూడా ఒక ఆయుధమే.

4. వేదిక మీద, తెర మీద

సురభి నాటక సమాజాలు బాలనాగమ్మను తమ ప్రధాన ప్రదర్శనల్లో ఒకటిగా నిలుపుకున్నాయి. 1885లో కడప సీమలోని సురభి గ్రామంలో మొదలైన ఈ కుటుంబ రంగస్థలానికి మాయలూ మంత్రాలూ ఉన్న కథ చక్కగా అమరింది. మనుషులు మాయమవడం, మంటలు లేవడం, దృశ్యాలు క్షణాల్లో మారడం ప్రేక్షకుడి కళ్లను కట్టిపడేస్తాయి. ఈ దృశ్యవైభవం వల్ల కథ బతికింది. అదే సమయంలో ఆసక్తి కేంద్రం బందీ గదిలోని మాట నుంచి మాంత్రికుడి శక్తి వైపు జరిగింది.

జెమిని సంస్థ చిత్తజల్లు పుల్లయ్య దర్శకత్వంలో 1942లో నిర్మించిన ‘బాలనాగమ్మ’ ఈ మార్పును తెర మీద స్థిరపరచింది. కాంచనమాల బాలనాగమ్మగా, బందా కనకలింగేశ్వరరావు కార్యవర్ధిగా, పుష్పవల్లి మాంత్రికుడి ప్రియురాలు సంగుగా నటించారు. గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీ పాత్ర ప్రేక్షకుల జ్ఞాపకంలో నాయికతో పోటీపడి నిలిచింది. 1955 నాటి ‘కన్యాశుల్కం’ చిత్రంలో లుబ్ధావధాన్లు వేషం వేసింది కూడా ఆయనే. ఇష్టం లేని స్త్రీని దక్కించుకోవాలనుకొని తన దురాశ చేతనే మోసపోయిన రెండు పాత్రలకు ఒకే నటుడు రూపమివ్వడం తెలుగు తెర చరిత్రలో అర్థవంతమైన కలయిక.

ఆ చిత్ర రచనలో మరొక విశేషం దాగి ఉంది. దాని రచయిత బలిజేపల్లి లక్ష్మీకాంతం. ‘సత్య హరిశ్చంద్రీయము’ నాటకకర్త ఆయనే. ఆడిన మాట తప్పని రాజును తెలుగు వేదిక మీద చిరస్థాయిగా నిలిపిన కలమే, ఆడిన మాటతో బంధనం తెంచుకున్న స్త్రీకి సంభాషణలు రాసింది. ఒకే రచయిత చేతిలో రెండు సత్యధర్మాలు పక్కపక్కనే నిలిచాయి. రాజ్యాధికారం ఉన్నవాడి మాట ఒక శాసనం, కాబట్టి అది తప్పకూడదు. ఏ అధికారమూ లేని బందీ మాటకు అలాంటి శాసనబలం లేదు. అది ఆత్మరక్షణ మాత్రమే. ఈ భేదాన్ని రచయిత సిద్ధాంతంగా ఎక్కడా ప్రకటించనక్కరలేదు. రెండు కథలనూ ఆదరించిన ప్రేక్షకలోకం దాన్ని తనంతట తానే గ్రహించింది.

జెమిని సంస్థ ఇదే కథను 1954లో ‘బహుత్ దిన్ హువే’ పేరుతో హిందీలో తీసింది. 1959లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో అంజలీదేవి, ఎన్.టి. రామారావు, ఎస్.వి. రంగారావు నటించిన మరో ‘బాలనాగమ్మ’ తెలుగులో వచ్చింది. ఇక్కడ తారావ్యవస్థ తెచ్చిపెట్టిన చిక్కు ఆసక్తికరమైనది. మూలకథలో కార్యవర్ధి రాజు ఉత్తరభాగమంతా శిల. భార్యను విడిపించడంలో అతని పాత్ర శూన్యం. అలాంటి పాత్రను అగ్రనటుడు ధరించినప్పుడు కథ బరువు పూర్వభాగం మీదికి, దాంపత్య శృంగారం మీదికి జరగక తప్పదు. జానపద కథ ధైర్యంగా చెప్పిన ఒక సంగతి, అంటే భర్త రక్షకుడు కాలేకపోవడం, తెర మీద ఇబ్బందికరంగా మారుతుంది.

మొత్తం మీద ఆధునిక పునఃకథనాల్లో మూడు జరుగుబాట్లు కనిపిస్తాయి. బాలనాగమ్మ తెలివి పాతివ్రత్య మహిమగా మారింది. ఆమె సంపాదించిన సమాచారం కొడుకు సాహసానికి ఉపోద్ఘాతంగా మిగిలింది. ఆమె అబద్ధం పలికిన ఘట్టం మాంత్రికుడి మోహవికారాలతో హాస్యంగా గడిచిపోతుంది. మూడింటి ఫలితమూ ఒకటే. ఆమె ఏం చేసిందన్నది వెనక్కి పోయి, ఆమె ఎంత పవిత్రంగా మిగిలిందన్నది ముందుకు వచ్చింది. స్త్రీలు చెప్పుకునే కథల్లో నాయిక మాట్లాడడం, తన కథను తానే చెప్పుకోగలగడం ఆమె కర్తృత్వానికి గుర్తని ఎ.కె. రామానుజన్ చేసిన పరిశీలన ఇక్కడ వర్తిస్తుంది. మాట విలువ తగ్గించిన ప్రతిచోటా నాయిక కర్తృత్వమూ తగ్గింది.

ఇతర దేశాల పునఃకథనాలతో పోల్చినప్పుడు ఈ కథ బలం మరింత తెలుస్తుంది. 1740లో మదాం ద విల్‌నవ్ రాసి, 1756లో మదాం ద బొమాన్ సంక్షిప్తం చేసిన ‘సుందరి - మృగం’ కథలో చెర క్రమంగా ప్రేమగా మారుతుంది. 1946లో కోక్తో తీసిన చిత్రం, 1991 నాటి డిస్నీ చిత్రం ఆ పరిణామాన్నే మనోహరంగా చూపాయి. బాలనాగమ్మ కథ అలాంటి మార్పును ఏ దశలోనూ అంగీకరించదు. ఏళ్లు గడిచినా చెర చెరే. ఏంజెలా కార్టర్ 1979లో భార్యలను చంపే ప్రభువు కథను తిరిగి చెబుతూ, కూతుర్ని రక్షించడానికి తల్లిని గుర్రం మీద రప్పించింది. తెలుగులో ఓల్గా ‘విముక్త’ కథలు సీతను ఇతర పురాణ స్త్రీలతో మాట్లాడించి, ఆమె అనుభవానికి ఆమె చేతనే అర్థం చెప్పించాయి. బాలనాగమ్మకు ఇంకా అలాంటి సంభాషణ దొరకవలసి ఉంది. ఆమెకు తగిన తోడు కథలోనే ఉంది. అదే కోటలో సంగు కూడా జీవించింది. లొంగి బతికిన స్త్రీకీ, లొంగక ఎదురుచూసిన స్త్రీకీ మధ్య అసూయ తప్ప మరే మాటా సాగలేదని నమ్మడం కష్టం.

5. ఫకీరా, మరాఠీనా: ఆత్మకూరు నేల మీద ఒక ప్రశ్న

కథ ఎక్కడ చెబుతున్నారన్నది కూడా నైతిక విషయమే. నేటి వనపర్తి జిల్లాలోని ఆత్మకూరు ఒకప్పుడు అమరచింత సంస్థానానికి కేంద్రం. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాలతో పాటు ఇక్కడి ముక్కెర వంశ ప్రభువులు కూడా పండితులను ఆదరించారు. సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి తెలంగాణలో కవులు లేరన్న నిందకు బదులిచ్చినప్పుడు, ఆయన సమాధానానికి సంస్థానాల సాహిత్య వాతావరణం ఒక బలం. ఆస్థానాల్లో పద్యం వర్ధిల్లిన ఈ నేల మీద వీధిలోని కథకు వేరే జీవితం ఉంది. పద్యాన్ని తాటాకు, అచ్చు కాపాడాయి. కథను నోళ్లు కాపాడాయి.

కృష్ణానది ఒడ్డున, కన్నడ సీమకు చేరువలో ఉన్న ఈ ప్రాంతం అనేక భాషల కూడలి. నిజాం పాలన వల్ల ఉర్దూ, పొరుగు వల్ల కన్నడం, దక్కను రాజకీయ చరిత్ర వల్ల మరాఠీ ఇక్కడి తెలుగును తాకాయి. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగను కులమత భేదం లేకుండా జరుపుకోవడం ఎరిగినదే. ఫకీరు ఇక్కడ పరాయివాడు కాడు. పిల్లలకు జబ్బు చేస్తే తాయెత్తు కట్టే మనిషి, వీధిలో నెమలీకల కట్టతో దీవించే మనిషి. అలాంటిచోట దుర్మార్గుణ్ణి ‘మాయల ఫకీరు’ అని పిలవడంలో ఉన్న ప్రమాదం చిన్నది కాదు. ‘మాయల మరాఠీ’ అన్న పేరు వెనుక 18వ శతాబ్దంలో దక్కనును కలవరపెట్టిన చౌత్ వసూళ్ల జ్ఞాపకం ఉండవచ్చు. అయినా ఒక జాతి పేరు దుష్టుడి పేరుగా స్థిరపడడం న్యాయం కాదు.

దీనికి జవాబు కథలోనే ఉంది. మాంత్రికుడు నిజమైన ఫకీరు కాడు. ఆ వేషం అతను దొంగిలించాడు. పంచ్‌కిన్ కథలో ఈ సంగతి స్పష్టం, అక్కడ ఫకీరన్నది అతని మారువేషం మాత్రమే. తెలుగులో వేషమే పేరుగా మారి, కాలక్రమంలో వేషానికీ మనిషికీ మధ్య గీత చెరిగిపోయింది. పైన చెప్పిన కొలమానం ప్రకారం అతని మొదటి నేరం స్త్రీని అపహరించడానికి ముందే జరిగింది. ఇంటింటా నమ్మకంతో అన్నం తినే నిజమైన భిక్షువులందరికీ అతను అన్యాయం చేశాడు. ఇప్పుడు ఈ కథను తిరిగి చెప్పేవారు వేషాన్ని వేషంగా చూపితే చాలు. కథ దెబ్బతినదు, మరింత బిగువెక్కుతుంది.

6. చిలుక: వాదం ఆగే చోటు

బాలనాగమ్మ అబద్ధం న్యాయమైనదని చెప్పడంతో చర్చ ముగియదు. మాంత్రికుడు రహస్యం చెప్పిన క్షణంలో అతనిలో దురాశ ఒక్కటే ఉందా? జీవితంలో ఎవరికీ చెప్పని మాటను ఒకరికి చెప్పాడు. దురాశలో కలగలిసినదే అయినా అందులో ఒక పిసరు నమ్మకం ఉంది. ద్రోణపర్వంలో అశ్వత్థామ మరణవార్త పలికినప్పుడు ధర్మరాజు రథం నేలను తాకింది. అంతవరకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన రథమది. యుద్ధం గెలవడానికి ఆ మాట అవసరమైనా, పలికినవాడికి ఏమీ తగ్గలేదని భారతం అనలేదు. న్యాయమైన అబద్ధానికి కూడా ఒక బరువు ఉంటుంది.

జానపద కథ ఆ బరువును చిలుక మీద పెట్టింది. ఫ్రేర్ కథనంలో కుర్రవాడు ముందుగా శిలలైనవారందరినీ బతికింపజేసుకుంటాడు. ఆ తరువాత చిలుకను ఇచ్చేయమని మాంత్రికుడు వేడుకుంటూ ఉండగా ఒక్కో రెక్కా, ఒక్కో కాలూ విరిచి, చివరకు మెడ తిప్పేస్తాడు. మాంత్రికుడి అవయవాలు అదే వరుసలో రాలిపోతాయి. వినేవారు చప్పట్లు కొడతారు. కానీ చిలుక చేసిన నేరమేమిటి? అడగకుండానే దాని దేహంలో ఒక పరాయి ప్రాణం చేరింది. అది కూడా మాంత్రికుడి బందీయే. ఒక బందీ విడుదలకు మరొక బందీ బలి అయింది. తల్లి మాట వినేవాడి దురాశను దాటి ఎవరినీ గాయపరచలేదు. కొడుకు చేయి నిరపరాధిని గాయపరచింది. పునఃకథనాలు కొడుకు వీరత్వాన్నే పెద్దగా చూపినప్పుడు ఈ తేడా కనబడకుండా పోతుంది.

ప్రాణాన్ని దాచుకోవడం గురించి కూడా ఆలోచించాలి. మాంత్రికుడు తన ప్రాణాన్ని ఏడు సముద్రాల అవతల ఉంచాడంటే దగ్గర ఉన్న ఏ ఒక్కరినీ నమ్మలేకపోయాడని అర్థం. ఆత్మకూరు ప్రాంతంలో దీనికి భిన్నమైన ఒక ఆచారం ఉంది. కురుమూర్తి స్వామి బ్రహ్మోత్సవాలకు స్వామివారి ఆభరణాలు ఏటా ఆత్మకూరు నుంచి ఊరేగింపుగా కొండకు చేరతాయి. స్వామి పాదుకలైన ఉద్దాలు చిన్నవడ్డెమాన్ నుంచి వస్తాయి. ఒక దేవుడి అమూల్య వస్తువులు వేర్వేరు ఊళ్ల చేతుల మీదుగా రావడం, వాటి కోసం వేలాదిమంది దారి పొడవునా నిలబడడం, అప్పగింత మీద నిలిచిన సంస్కృతికి నిదర్శనం. విలువైనదాన్ని మరొకచోట ఉంచడం రెండింటిలోనూ ఉంది. ఒకచోట ఉంచినవాడు దాచాడు, మరొకచోట ఉంచినవారు అప్పగించారు. దాచినదాని జాడ తెలియడంతో దాచినవాడు నశించాడు. అప్పగించినదాని జాడ అందరికీ తెలుసు కాబట్టే అది భద్రంగా ఉంది.

7. ముగింపు

బాలనాగమ్మ కథ సత్యధర్మానికి వ్యతిరేకమైన కథ కాదు. సత్యం ఎవరి మధ్య సాగే వ్యవహారమో అది అడుగుతుంది. మాట ఇవ్వడానికీ, ఇవ్వకపోవడానికీ స్వేచ్ఛ ఉన్న ఇద్దరి నడుమ సత్యం బాధ్యతగా ఉంటుంది. ఆ స్వేచ్ఛను లాక్కున్నవాడు సత్యాన్ని కూడా ఆజ్ఞాపించి రాబట్టుకోలేడు. అబద్ధం వినేవాడి మంచితనం మీద పనిచేసినప్పుడు లోకం చిన్నబోతుంది. దురాశ మీద పనిచేసినప్పుడు ఆ నష్టం దురాశ దగ్గరే ఆగే అవకాశం ఉంది. ఎప్పుడూ ఆగుతుందన్న హామీ లేదని చిలుక హెచ్చరిస్తుంది.

సినిమా, రంగస్థలం ఈ కథను బతికించాయి. ఆ రుణం కాదనలేనిది. అయితే పవిత్రతకు పట్టం కట్టి వివేకాన్ని పక్కన పెట్టిన పునఃకథనం మూలకథ కంటే ఒక మెట్టు కిందనే ఉంటుంది. రాబోయే పునఃకథనకర్తలకు బందీ గదిలోని ఆ సంభాషణ ఇంకా తెరిచే ఉంది. బాలనాగమ్మ ఏ గొంతుతో అడిగింది, మాంత్రికుడు ఎందుకు చెప్పాడు, తలుపు చాటున సంగు ఏం విన్నది అన్నవి రాయవలసిన పుటలు. పరిశోధకులకూ ఒక పని మిగిలి ఉంది. పాలమూరు సంస్థానాల ఊళ్లలో ఈ కథను స్త్రీలు స్త్రీలకు ఎలా చెప్పుకున్నారో, ఆ ఘట్టం దగ్గర గొంతు తగ్గించారో, పెంచారో, చెప్పేవారు ఉన్నంతలోనే నమోదు చేయవలసి ఉంది.